అద్దెకు దొరకు గణనశక్తి

క్లౌడ్ అను ఇంగ్లీషు మాటకు మేఘమని అర్థము. అందువలన క్లౌడ్ కంప్యూటింగ్ అనగానే, లెక్కలు కట్టు యంత్రములేవో ఆకాశమున తేలుచున్నవను భ్రమ చాలమందికి కలుగుచున్నది. ఈ భ్రమకు కారణము ఒక బొమ్మ. ఒక కార్యాలయపు కంప్యూటరునకును, వేరొక కార్యాలయపు కంప్యూటరునకును గల సంబంధమును పటమున చూపవలసి వచ్చినపుడు ఇంజనీర్లు నడుమ నున్న తీగల జాలమునంతయు గీయుటకు ఓపిక లేక, దాని స్థానమున ఒక మేఘమును గీసి ఊరకుండెడివారు. దీనిలోపల నేమి జరుగునో ప్రస్తుతము మనకు పని లేదని ఆ గీతకు భావము. ఆ గీతయే నేడు పేరై కూర్చున్నది. నిజమునకు ఈ మేఘము నేలమీదనే యున్నది. దానికి గోడలు, తాళములు, కావలివారు, కరెంటు బిల్లు అన్నియు కలవు.

విషయము సూక్ష్మముగా ఇది. మన పనికి కావలసిన కంప్యూటరును మనము కొనము. ఎక్కడనో పరుల భవనమునందున్న కంప్యూటరును ఇంటర్నెట్ ద్వారా వాడుకొని, వాడుకొన్నంతకు బాడుగ చెల్లింతుము. కాగితములు, ఫోటోలు దాచుకొను తావు కావచ్చును; లెక్కలు చేయు శక్తి కావచ్చును; సిద్ధముగానున్న ప్రోగ్రామే కావచ్చును. అన్నియు ఇట్లు బాడుగకు దొరకును.

ఈ ఊహ మిక్కిలి పాతది. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శతవార్షికోత్సవములలో జాన్ మెకార్తీ అను శాస్త్రవేత్త మాటలాడుచు, టెలిఫోను వలెనే గణనశక్తియు ఒకనాటికి ప్రజోపయోగ సేవగా ఏర్పడవచ్చునని సూచించెను. ఆ దినములలో ఒక్క కంప్యూటరే గదినంతయు ఆక్రమించెడిది; దాని వెల సామాన్య సంస్థలకు అందెడిది కాదు. కావున ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను ఉపాయమును అదే విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బాటో బృందము ఆ సంవత్సరమే ప్రదర్శించినది. యంత్రము ఒకరి పనిని రెప్పపాటు కాలము చూచి మరియొకరి పనికి మరలును. ఎవరికి వారికి యంత్రము తమదేయని తోచును. అటుపిమ్మట కంప్యూటర్లు చౌకయై ఇంటింట వెలసినందున ఈ ఊహ కొంతకాలము మరుగున పడినది. పుస్తకములమ్ముటతో మొదలైన అమెజాన్ సంస్థ 2006 మార్చిలో దాచుకొను తావును, ఆగస్టులో గణనశక్తిని బాడుగకిచ్చుట ప్రారంభించిన తరువాత అది మరల వెలుగులోనికి వచ్చినది.

దీనివలని ప్రయోజనమును ఒక ఉదాహరణమున చూతము. పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడు దినమును తలచుకొనుడు. ఉదయము 11 గంటలకు ఫలితములని ప్రకటించిరనుకొందము. అంతకు ముందు వారము ఆ వెబ్‌సైటు వైపు చూచువాడు లేడు. 11 గంటలు కొట్టగానే లక్షలకొలది విద్యార్థులు, వారి తలిదండ్రులు, మేనమామలు, పొరుగింటివారు సహా ఒకే తలుపు తట్టుదురు. సాయంకాలమునకు సందడి సద్దుమణగును. ఆ ఒక్క పూట రద్దీకి తగినన్ని కంప్యూటర్లను కొనినచో తక్కిన సంవత్సరమంతయు అవి దుమ్ము తినుచుండును. సామాన్య దినములకు చాలినన్నియే కొనినచో ఆ పూటకు వెబ్‌సైటు కూలబడును. పిల్లవాడు హాల్ టికెట్టు నంబరు కొట్టి కొట్టి కంట నీరు పెట్టుకొనును. బాడుగ పద్ధతిలోనైతే ఆ పూటకు వంద కంప్యూటర్లు తీసికొని, రాత్రికి రెండింటిని మాత్రము ఉంచుకొని, మిగిలినవి తిరిగి యిచ్చివేయవచ్చును. పెండ్లికి షామియానా, గంగాళములు, కుర్చీలు అద్దెకు తెచ్చుకొను గృహస్థునకు ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు.

మరి ఇచ్చువానికి గిట్టుట ఎట్లు? ఒకరి రద్దీ వేళ మరియొకరి తీరిక వేళ యగుటయే అందలి కిటుకు. పగలు వర్తకుని లెక్కలు చూచిన యంత్రము రాత్రి ఇంకొకరికి సినిమా చూపును. పైగా పెద్ద కంప్యూటరును ఒక్కరికే అప్పగింపరు. ప్రోగ్రాము సాయమున దానిని పది యిరువది కంప్యూటర్లుగా భ్రమింపజేసి పలువురికి పంచుదురు. వీనికి వర్చువల్ మెషీన్లని పేరు. ఒకే యింటిని వాటాలు చేసి అద్దెకిచ్చుట వంటిదిది. ఒక వాటాలోనివారు పక్క వాటాలోనికి తొంగిచూడకుండ నడుమ గోడ నిలుపుట ఆ ప్రోగ్రాము బాధ్యత. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే తన పెద్ద యంత్రములపై ఈ సౌకర్యమును కల్పించినది.

అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ 2011లో ఈ సేవలను మూడు తరగతులుగా చెప్పినది. ఉత్త చేను కౌలుకు తీసికొని ఎద్దులు, విత్తనములు, కూలీలు మనమే సమకూర్చుకొనుట వంటిది మొదటిది: ఖాళీ కంప్యూటరు మనకిత్తురు, పై భారమంతయు మనది. దున్ని నీరు పెట్టిన మడిలో నాటు మాత్రము మనము వేసికొనుట వంటిది రెండవది. ప్రోగ్రాములు వ్రాయువారికిది అనుకూలము. బియ్యమునే కొని తెచ్చుకొనుట వంటిది మూడవది. మన జీమెయిలు ఈ తరగతిలోనిదే. కావున క్లౌడ్ అననేమో తామెరుగమనువారును దానిని ప్రతిదినము వాడుచునే యున్నారు.

ఈ యంత్రములుండు భవనములను డేటా సెంటర్లందురు. అమెజాన్ సంస్థ మన దేశమున మొదట 2016లో ముంబయిలోను, పిమ్మట 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమునను వీనిని తెరచినది. విశాఖపట్టణమున పెద్ద కేంద్రమును నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. వేలకొలది యంత్రములు రేయింబవళ్లు వేడెక్కుచుండును. వానిని చల్లార్చుటకు మరల కరెంటో నీరో కావలెను. 2024లో ప్రపంచపు విద్యుత్ వినియోగమున నూటికి సుమారు ఒకటిన్నర వంతు డేటా సెంటర్లదేయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. పరుల యింట దాచిన సొత్తు భద్రమేనా? 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరమున ఓ.వి.హెచ్. సంస్థ వారి డేటా సెంటరు భవనమొకటి అగ్నికాహుతి యైనది. వేరొక చోట నకలు ఉంచుకొన్నవారు కొలది దినములలో తేరుకొనిరి. ఉంచుకొననివారి సమాచారము పోయినది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరమున ప్రభుత్వ కేంద్రమందే బ్యాటరీల వలన మంటలు లేచినవి. ఉద్యోగులు తమ పత్రములను సొంత కంప్యూటర్లలో గాక అచటనే దాచవలెనని అంతకు ముందు ప్రభుత్వమే చెప్పియుండెను. అచట దగ్ధమైన 858 టెరాబైట్ల సమాచారమునకు వేరొక చోట నకలు లేదు. గాదెలోని ధాన్యమునకు నకలు తీయుట ఎవరి తరమును కాదు. సమాచారమునకు అది సాధ్యమైన పని. ఆ పని చేయకుండుటయే ఇచట జరిగిన అనర్థము.

ఇచట ఒక చిక్కును గమనింపవలెను. ఫోనులోని ఫోటోలు తమంత తాము క్లౌడ్‌లోనికి పోవుచున్నవి కదాయని పలువురు నిశ్చింతగా నుందురు. కాని ఆ యేర్పాటు సాధారణముగ రెండు చోట్లను ఒకటిగా నుంచుటకే. ఫోనులో పొరపాటున చెరిపినచో కొంత గడువు పిమ్మట అచటను చెరిగిపోవును. పెండ్లి ఫోటోలు, పొలము దస్తావేజుల ప్రతులు వంటివానిని ఒక చిన్న డ్రైవులో వేసి బీరువాలో పెట్టుకొనుట అవసరము. చిన్న వర్తకులు తమ ఖాతా లెక్కలను నెలకొకమారైనను ఇట్లు దించుకొనవలెను. బాడుగకు కంప్యూటరు తీసికొన్నవారు పని ముగియగానే దానిని ఆపివేయుట మరువరాదు. వాడినను వాడకున్నను మీటరు తిరుగుచునే యుండును.

మరియొక సంగతి యింటి పెద్దలు వినవలసినది. పాస్‌వర్డు ఒక్కరికే తెలిసియుండి ఆ వ్యక్తి గతించినచో, పిల్లలకు ఆ ఫోటోలును ఉత్తరములును దక్కుట కష్టము. గూగుల్ ఖాతాను కొన్ని నెలలు ఎవరును వాడనిచో అందలి సమాచారము ఎవరికి చేరవలెనో ముందుగనే నిర్దేశించు సౌకర్యము 2013 నుండి కలదు. అది ఖాతా అమరికలలోనే యుండును. పేరు చేర్చుటకు పది నిమిషములు పట్టును. రెండు సంవత్సరములు తెరువని వ్యక్తిగత ఖాతాను తొలగింపవచ్చునని అదే సంస్థ 2023లో నియమము చేసినది.