పడవేసిన పనిముట్టుపై మమకారం

మేలు చేసిన వస్తువుమీద మనిషికి మమకారం ఉండడం సహజం. తాతగారి చేతికర్రను, అమ్మ వాడిన ఇత్తడి చెంబును, చదువుకున్ననాటి కలమును మనము పారవేయము. కాని తనను నడిదారిలో పడవేసి ఎముక విరిచిన వస్తువును తుడిచి, నూనె రాచి, గోడకు తగిలించుకొనేవారు కూడ ఉన్నారు. వారు కొండదారులలో సైకిళ్ళు తొక్కేవారు. వారి మమకారానికి పాత్రమైనది సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే పాతకాలపు స్ప్రింగు ఫోర్కు.

కొంతకాలం క్రిందట అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఇంటికి అతిథిగా వెళ్ళినాను. అతని కారు షెడ్డులో గోడకు రెండు గొట్టాల పనిముట్టు ఒకటి వేలాడుతూ కనిపించినది. రంగు లేచిపోయి, గీతలు పడి ఉన్నది.

“ఇదేమిటి నాయనా?” అని అడిగినాను.

“నా మొదటి ఫోర్కు, మాస్టారూ. 2000వ సంవత్సరంలో నా భుజం ఎముక విరగగొట్టినది ఇదే.”

“మరి దీనిని ఇంకా ఎందుకు దాచినావు?”

అతడు నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంకాలం అతని ఈడు మిత్రులు ముగ్గురు వచ్చినారు. రాత్రి భోజనాలవరకు వారి మాటలన్నీ తాము వాడిన పాత ఫోర్కుల లోపాల గురించే. ఒకరి ఫోర్కు నూనె కార్చేదట. ఒకరిది చలికి బిగుసుకొనేదట. మూడవవారిది బ్రేకు వేస్తే చాలు, ముక్కు నేలకు ఆనించేదట. పోయిన పెద్దల చాదస్తాలను బంధువులు ఎంత ఆప్యాయంగా చెప్పుకొంటారో, అంత ఆప్యాయంగా చెప్పుకొన్నారు. తెలుగు పంతులునైన నాకు మొదట సగం అర్థం కాలేదు. అడిగి తెలుసుకొన్నదీ, పిమ్మట చదివి గ్రహించినదీ ఇక్కడ మనవి చేస్తున్నాను.

మన ఊళ్ళలో తిరిగే నల్లని బరువు సైకిలును పాఠకులు ఒక్కసారి తలచుకొందురు గాక. ముందు చక్రానికి ఇరుప్రక్కల దిగివచ్చే రెండు ఉక్కు ఊచలే ఫోర్కు. చక్రం రాయిమీద ఎక్కితే ఆ దెబ్బ ఊచలగుండా హ్యాండిలుకు, హ్యాండిలునుండి చేతులకు, చేతులనుండి వెన్నుకు వస్తుంది. చదునైన దారిలో ఇది పెద్ద బాధ కాదు. కొండ దిగేటప్పుడు మాత్రం ప్రాణాంతకమే కావచ్చును.

అయినా తొలి సాహసికులు దిగినది ఇటువంటి సైకిళ్ళమీదనే. కాలిఫోర్నియాలోని మరీన్ ప్రాంతంలో 1976 అక్టోబరు 21న కొందరు యువకులు ఒక కొండబాటను ఎన్నుకొని పందెం వేసుకొన్నారు. రమారమి రెండు మైళ్ళ దారిలో 1300 అడుగుల దిగుడు. వారి వాహనాలు 1930, 1940 ప్రాంతాలనాటి లావుటైర్ల సైకిళ్ళు. పెడలును వెనుకకు తొక్కితే పట్టే బ్రేకు వెనుక చక్రపు ఇరుసులో ఉండేది. దిగేసరికి అందులోని గ్రీజు కాలి పొగయైపోయేది. మళ్ళీ గ్రీజు కూరితేగాని రెండవమారు దిగడానికి వీలులేదు. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చినది. అంటే ‘మళ్ళీ కూరు’ అని అర్థం. ఒక లోపమే ఒక పందేనికి నామకరణం చేసినదన్నమాట. ఆ బాటమీద గేరీ ఫిషర్ అనే యువకుడు నెలకొల్పిన రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు.

మోటారుసైకిళ్ళకు ఇటువంటి బాధ ఎన్నడో తీరిపోయినది. ఒక గొట్టంలో మరొక గొట్టం జారుతూ, లోపల స్ప్రింగు, నూనె ఉండే ఫోర్కును జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లోనే తన ఆర్12 బండికి అమర్చినది. మరి సైకిలుకు అది రావడానికి అర్ధశతాబ్దం పైగా ఎందుకు పట్టినది? కారణం బరువు. మోటారుసైకిలుకు యంత్రం ఉన్నది. సైకిలుకు ఉన్న యంత్రం మనిషి కాళ్ళే. కొండ దిగడానికి ముందు కొండ ఎక్కవలె కదా!

మోటారుసైకిలు పందేలలో మెకానిక్కుగా పనిచేసిన పాల్ టర్నర్ రాక్‌షాక్స్ అనే సంస్థను నెలకొల్పి ఈ చిక్కును ఎదుర్కొన్నాడు. ఉక్కు స్ప్రింగుకు బదులు గాలిని బిగించి, నూనెతో దాని వేగాన్ని అదుపుచేసి, ఆర్‌ఎస్-1 అనే ఫోర్కును తయారుచేసినాడు. అది క్రుంగేది సుమారు రెండు అంగుళాలు మాత్రమే. అయినా 1990లో కొలరాడోలోని డురాంగోలో ప్రపంచ చాంపియన్ పోటీలు జరిగినప్పుడు, కొండ దిగుడు పందెంలో గ్రెగ్ హెర్బోల్డ్ అటువంటి ఫోర్కుతోనే గెలిచినాడు. వెంటనే అందరికీ ఫోర్కులు కావలసివచ్చినవి. లోపాల చరిత్ర ప్రారంభమైనది కూడ అప్పుడే.

నూనె, గాలి గల ఫోర్కుకు సీళ్ళు ప్రాణం. దుమ్ము, బురద పడి సీలు అరిగితే నూనె కారుతుంది, గాలి దిగుతుంది. ఈ బెడదను తప్పించుకోవడానికి కొందరు మరొక మార్గం త్రొక్కినారు. కొలరాడోకు చెందిన డగ్ బ్రాడ్బరీ తన మానిటూ ఫోర్కులలో నూనెను, గాలిని విడిచి, రబ్బరువంటి యూరిథేన్ బిళ్ళలను ఒకదానిమీద ఒకటి పేర్చినాడు. కారడానికి ఏమీ లేదు, బరువు తక్కువ, విప్పి బిగించడం సులభం. మెత్తనివి, గట్టివి గుర్తించడానికి ఈ బిళ్ళలకు రంగులుండేవి. తన బరువుకు తగినట్లు రంగులు కలిపి పేర్చుకోవడం సవారీకి ఒక విద్య.

కాని ఆ విద్యను చలి వెక్కిరించేది. యూరిథేన్ చల్లబడితే గట్టిపడుతుంది. మధ్యాహ్నం మెత్తగా క్రుంగిన ఫోర్కు తెల్లవారుజామున కొయ్యవలె నిలిచేది. పైగా నూనె లేకపోతే తిరిగి లేచే వేగానికి అడ్డు ఉండదు. స్ప్రింగుగాని, బిళ్ళగాని క్రుంగినప్పుడు దాచుకొన్న శక్తిని లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. నూనె సన్నని రంధ్రాలగుండా పోతూ ఆ శక్తిలో కొంత వేడిగా మార్చి, చక్రాన్ని నెమ్మదిగా లేపుతుంది. ఆ అడ్డు లేని ఫోర్కు నేలకు కొట్టిన బంతివలె ఎగిరి, సవారీని రెండవ రాయిమీదికి విసరుతుంది. నా విద్యార్థి పడినదీ ఇలాగే. మంచుపడిన ఉదయం, ఇతరులు వాడి అమ్మిన ఫోర్కు, గట్టిపడిన బిళ్ళలు. మొదటి రాయికి చేతులు అదిరినవి, రెండవ రాయికి పట్టు తప్పినది.

నూనెను మళ్ళీ తెచ్చినవారికీ తిప్పలు తప్పలేదు. 1990ల నడుమ విరివిగా అమ్ముడుపోయిన రాక్‌షాక్స్ వారి జూడీ ఫోర్కులలో నూనెను ప్లాస్టిక్ గొట్టంలో బంధించినారు. అది పాడై నూనె కార్చడం ఎంత సామాన్యమైనదంటే, దానికి బదులుగా లోహపు గొట్టాలు తయారుచేసి అమ్మినవారు కూడ వెలిసినారు.

ఈలోగా పందేల వేగం పెరిగినది. కాలిఫోర్నియాలోని మామత్ పర్వతంమీద, 11,000 అడుగులకు పైబడిన శిఖరంనుండి, 1985లో ప్రారంభమైన ‘కామికాజి’ పందెంలో సవారీలు గంటకు 60 మైళ్ళు దాటేవారు. ఆ వేగానికి సన్నని ఫోర్కులు మెలి తిరిగేవి. అందుచేత గొట్టాలను మోటారుసైకిలుకు వలె పైనా క్రిందా రెండు పట్టీలతో బిగించినారు. మరికొందరు ఫోర్కును తలక్రిందులు చేసి, లావు గొట్టాన్ని పైకి, సన్నని గొట్టాన్ని క్రిందికి పెట్టినారు. దీనివలన నూనె సీళ్ళవైపే దిగి వాటిని తడిగా ఉంచుతుంది. కాని మామూలు ఫోర్కులో రెండు కాళ్ళను టైరుమీదుగా కలిపే వంతెన ఇందులో పెట్టడానికి వీలులేదు. ఇరుసు తగినంత బలంగా లేకపోతే రెండు కాళ్ళు చెరియొక దారి పట్టేవి. హ్యాండిలు ఒకవైపు, చక్రం మరొకవైపు చూచేవి. ఒక లోపం దిద్దబోతే మరొకటి పుట్టినది.

1997లో ఇటలీకి చెందిన మర్జొకీ సంస్థవారి బాంబర్ జడ్1 ప్రసిద్ధి పొందినది. మోటారుసైకిలు ఫోర్కులు చేసిన అనుభవంతో వారు బరువును లెక్కచేయక, ఉక్కు స్ప్రింగును, పుష్కలమైన నూనెను వాడినారు. నారింజరంగు గల ఆ ఫోర్కు సుమారు నాలుగు అంగుళాలు క్రుంగేది. నూనె లోపలి భాగాలన్నిటినీ తడుపుతూ ఉండేది. దాని పేరు చెప్పగానే ఆ రాత్రి నలుగురి ముఖాలూ వికసించినవి. బరువైనదని దానిని కూడ తిట్టినారు; కాని ఆ తిట్టులో ఫిర్యాదు లేదు.

నేటి కొండ దిగుడు ఫోర్కులు ఎనిమిది అంగుళాల వరకు క్రుంగుతవి. చక్రాన్ని లావైన ఇరుసు బిగించి పట్టుకొంటుంది. క్రుంగే వేగాన్ని, లేచే వేగాన్ని వేరువేరుగా సవరించుకోవచ్చును. వీటిలో ప్రతి సదుపాయం వెనుకా ఒక పాత లోపం ఉన్నది. ఎక్కడ మెలి తిరిగినదో అక్కడ ఇరుసు లావైనది; ఎక్కడ ఎగిరిపడినదో అక్కడ నూనెకు దారి ఏర్పడినది. వెనుకటివాడు పడినచోటు గుర్తుపెట్టకపోతే తరువాతివాడు ఈ మార్పు ఎక్కడ చేసేవాడు?

ఇంతమాత్రం చెప్పి ఊరుకొంటే మంచి కథయే. కాని పాత జ్ఞాపకానికి ఒక దుర్గుణం ఉన్నది. అది బాధను వడగట్టి తీపిని మాత్రమే మిగులుస్తుంది. ఆ కాలపు ఫోర్కులలో పగిలినవి ఉన్నవి, విరిగినవి ఉన్నవి. కొన్నింటిని తయారీదారులే ప్రమాదకరమని తలచి వెనుకకు రప్పించుకొన్నారు. ‘ఆ రోజులే వేరు, అప్పటి వస్తువులే వస్తువులు’ అనడం సులభం. ఉపాధ్యాయులమైన మనకు ఆ మాట మరీ అలవాటు. మన చదువులో బెత్తం ఉండేది, అర్థం కాని బట్టీ ఉండేది. వాటి వలననే పైకి వచ్చినామని కొందరు చెప్పుకొంటారు. వాటిని దాటి వచ్చినామని చెప్పడం సత్యానికి దగ్గర.

అందుకే మిత్రులు వెళ్ళిన పిమ్మట నా విద్యార్థిని మళ్ళీ అడిగినాను.

“నాయనా, ఇంత ప్రేమ ఉన్నది కదా, ఈ ఫోర్కు బిగించి రేపు కొండ దిగుతావా?”

“దిగను మాస్టారూ. మావాణ్ణి అసలే దిగనివ్వను.”

“మరి దాచడం దేనికి?”

అతడు గోడమీదనుండి దానిని దింపి, పైమూత త్రిప్పి, లోపలి బిళ్ళలను నా అరచేతిలో పోసినాడు. ఒకటి రాయివలె గట్టిపడినది. ఒకటి వేలు తగలగానే జిగురుగా పొడి అయినది.

“ఇప్పటి ఫోర్కు నన్ను పడవేయదు. కాని దానిలో ఏమున్నదో నేను ఎన్నడూ విప్పి చూడలేదు. చూడవలసిన అవసరమే రాలేదు. ఇది వారానికొకసారి చెడిపోయేది. విప్పితేగాని నడిచేది కాదు. స్ప్రింగు ఏమి చేస్తుందో, నూనె ఏమి చేస్తుందో నాకు చెప్పినది ఇదే. మావాడు ఇంజనీరింగులో చేరబోతున్నాడు. వాడికి ముందు ఇది విప్పి చూపించినాను, ఎక్కడ తప్పినదో కనిపెట్టమన్నాను.”

“కనిపెట్టినాడా?”

“రెండు రోజులు పట్టినది. నేను చెప్పలేదు.”

బిళ్ళలను మళ్ళీ వరుసగా పేర్చి, మూత బిగించి, అతడు దానిని మేకుకు తగిలించినాడు. నా వేలికి అంటిన జిగురు పోవడానికి సబ్బుతో రెండుమార్లు కడుగుకోవలసివచ్చినది.