గాలి దినచర్యను పట్టిన యంత్రం

పొద్దున లేవగానే వరసగా తుమ్మేవాళ్లు కొందరు, నడిరాత్రి ఆయాసంతో లేచి కూర్చునేవాళ్లు కొందరు. ఈ తేడాకు కారణం కొంత వాళ్ల ఒంట్లో ఉంటే, కొంత ఆ వేళకు గాలిలో తేలే పదార్థంలో ఉంటుంది. గాలిలో ఏ గంటకు ఏముందో చెప్పగలిగిన పరికరం గురించి 1952లో జిమ్ హర్స్ట్ ప్రచురించాడు. ఆయన వైద్యుడు కాడు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మొక్కల తెగుళ్లు చదివిన మనిషి. పైరును పాడుచేసే బూజుల సిద్ధబీజాలు ఎప్పుడు గాలికెక్కుతాయో ఆయనకు తెలియాలి.

అప్పటికే ఎనభై ఏళ్లుగా గాలిని గాజుపలకల మీద పడుతున్నారు. మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్లీకి వేసవి వచ్చిందంటే తుమ్ములూ కళ్లమంటలూ. జిగురు రాసిన పలకలను ఆరుబయట పెట్టి, గాలిపటాలకు కట్టి పైకి కూడా పంపి, ఈ బాధకు మూలం గడ్డి పుప్పొడేనని 1873లో పుస్తకంగా రాశాడు. కలకత్తా జైళ్ల ఆవరణల్లోని గాలిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించిన కన్నింగ్‌హామ్ పుస్తకం వెలువడిందీ ఆ ఏడాదే. మన దేశంలో ఈ శాస్త్రం అంత పాతది.

అయితే ఊరికే పెట్టిన పలక మీద బరువైన పుప్పొడి రేణువులు సులువుగా వాలతాయి, తేలికపాటి సిద్ధబీజాలు గాలితో పాటే దాటిపోతాయి. పైగా ఎంత గాలిలోంచి, ఏ వేళకు వచ్చి పడ్డాయో లెక్క తేలదు.

హర్స్ట్ యంత్రం ఈ రెండు లోపాలనూ తీర్చింది. 14 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి చీలిక దాని నోరు. వెనక తోకలాంటి రేకు ఉండటంతో గాలి ఎటు వీస్తే నోరు అటు తిరుగుతుంది. పంపు నిమిషానికి 10 లీటర్ల గాలిని లాగుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి పీల్చే గాలి కంటే ఇది కాస్త ఎక్కువ, అంతే. లోపల జిగురు పూసిన గాజుపలకను గడియారపు యంత్రం గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతుంది. మర్నాడు పలకను తీసి చూస్తే 48 మిల్లీమీటర్లలో ఒక పగలూ ఒక రాత్రీ అచ్చుపడి ఉంటాయి. తర్వాత బర్కార్డ్ కంపెనీ వారం రోజులు నడిచే నమూనా తెచ్చింది. అందులో పలకకు బదులు, డ్రమ్ముకు చుట్టిన ప్లాస్టిక్ టేపు ఉంటుంది.

ఆ పలకలు చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎండకాసిన మధ్యాహ్నం క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా లాంటి పొడిగాలి బూజుల రాజ్యం. రాత్రి తేమ పెరిగాక, తెల్లవారకముందు, పుట్టగొడుగుల జాతి సిద్ధబీజాలు విరివిగా లేస్తాయి. వాన కురిశాక వచ్చే గుంపు వేరు. పగటిపూట మాత్రమే గాలిని చూసినవాళ్లకు ఈ రాత్రి జనాభా ఊసే తెలియలేదు.

రుతువులూ అంతే, ఏ నేలవి ఆ నేలవే. ఇంగ్లండ్‌లో వసంతాన బర్చ్ చెట్టు, జూన్, జులైల్లో గడ్డి. మన దగ్గర ఆ క్యాలెండరు పనికిరాదు. బర్చ్ లేదు, సర్కారు తుమ్మ ఉంది. 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకిన వయ్యారిభామ, తేమ దొరికితే చాలు, ఏ నెలలోనైనా పూస్తుంది. అందుకే మన ఊళ్ల మేడల మీద ఈ యంత్రాలు ఏళ్ల తరబడి ఆగకుండా నడవాలని గట్టిగా కోరుకుంటాను. ఒక్క ఏడాది లెక్కతో క్యాలెండరు తయారుకాదు.

హర్స్ట్ యంత్రానికీ హద్దుంది. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన వచ్చింది. రైగడ్డి పుప్పొడి రేణువులు పగిలి, ఊపిరితిత్తుల లోతుకు దిగేంత చిన్న ముక్కలయ్యాయని శాస్త్రజ్ఞుల అంచనా. వేలమంది ఆయాసంతో ఆసుపత్రులకు పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. హర్స్ట్ పలక మీద లెక్కించేది ప్రధానంగా నిండు రేణువులనే. ముక్కల లెక్క దానికి అందదు. టేపును కళ్లతో చూసి లెక్కపెట్టాలి కనుక ఫలితమూ ఆలస్యమే. ఇప్పుడు రేణువును తానే ఫొటో తీసి, తానే గుర్తుపట్టే యంత్రాలు యూరప్‌లో పనిచేస్తున్నాయి. అవి సరిగ్గా గుర్తుపడుతున్నాయా అని చూడటానికి పక్కన పెడుతున్నది మాత్రం హర్స్ట్ యంత్రాన్నే. 2019లో యూరప్ ఖరారుచేసిన పుప్పొడి కొలత ప్రమాణం కూడా ఆయన పద్ధతి పేరిటే ఉంది.