పది దోమలు, పది అణాలు

ఆగస్టు వచ్చిందంటే బల్లార్‌పూర్‌లోని మా బడి హాజరు పట్టీలో గైర్హాజరీలు పెరుగుతాయి. అడిగితే సగం మందికి జ్వరమనే జవాబు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆగస్టు 20న, ప్రపంచ దోమల దినం వస్తుంది. ఆ రోజు మేము ఏడో తరగతి పిల్లలకు రోనాల్డ్ రాస్ కథ చెబుతాం. బల్లార్షాలో రైలెక్కితే చేరుకునే సికింద్రాబాద్‌లో జరిగిన కథ కాబట్టి చెవులు రిక్కించి వింటారు.

రాస్ 1857లో అల్మోడాలో పుట్టాడు. తండ్రి సైన్యాధికారి. కొడుక్కి కవిత్వం, బొమ్మలు, సంగీతం ఇష్టం. తండ్రి వైద్యంలో చేర్చాడు. చదువు మీద మనసు నిలవలేదు. (తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి చదవాలి.) 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాక కూడా నవలలు రాశాడు, గణితం సొంతంగా నేర్చుకున్నాడు. ఇంగ్లీషు స్పెల్లింగు నచ్చక పలికినట్టే రాసే పద్ధతి ఒకటి కల్పించాడు. అది వినగానే మా పిల్లాడొకడు ‘తెలుగు నేర్చుకుంటే సరిపోయేది కదా సార్’ అన్నాడు.

1883లో బెంగళూరులో ఆయన బంగళా నిండా దోమలు. కిటికీ పక్కనున్న నీటి తొట్టిలో వాటి పిల్లలు కనిపించాయి. తొట్టి ఒంపేయగానే దోమలు తగ్గాయి. మెస్‌లోనూ అలాగే చేద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదు, సృష్టిక్రమం చెడిపోతుందట!

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవి ఉంటుందని 1880లోనే లావెరాన్ కనిపెట్టాడు. దోమకు ఇందులో పాత్ర ఉందేమోనని 1894లో లండన్‌లో మాన్సన్ రాస్‌తో అన్నాడు. మరుసటి ఏడు సికింద్రాబాద్ చేరిన రాస్ వందల దోమలను కోసి చూశాడు. అన్నీ మలేరియాతో సంబంధం లేని జాతులే. రెండేళ్లు అలా గడిచాయి.

1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాయి. వాటి పేరు కూడా ఆయనకు తెలియదు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టనిచ్చి, దోమకు ఒక అణా చొప్పున పది అణాలు ఇచ్చాడు. రూపాయికి పదహారు అణాలని మా పిల్లలకు విడిగా చెప్పాల్సి వచ్చింది. ఉక్కపోతలో పంకా కూడా వేసుకోలేదు, గాలికి కోసిన దోమలు ఎగిరిపోతాయని. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. ఆ అద్దంలోంచే ఆగస్టు 20న దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు చూశాడు. అవే మలేరియా పరాన్నజీవులు.

నెల తిరిగేసరికి ఆయన్ను మలేరియా అంతగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు. మిగతా పని 1898లో కలకత్తాలో పక్షుల మీద పూర్తిచేశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది.

ఈసారి పాఠమయ్యాక ఓ పాప బడి వెనక టైరులోని నీళ్లు గాజు గ్లాసులో పట్టుకొచ్చి, ‘ఇవి మలేరియావేనా సార్?’ అంది. భూతద్దం తీశాం. మలేరియా దోమ పిల్ల నీటిపైన అడ్డంగా పడుకుంటుంది, మిగతావి తలకిందులుగా వేలాడతాయి. గ్లాసులోవి వేలాడుతున్నాయి. మలేరియావి కావు గానీ డెంగ్యూవి అయి ఉండొచ్చు. గ్లాసును ఎండు మట్టిలో ఒంపి, టైరును బోర్లించడానికి నలుగురినీ పిలిచాం.