సాంచెల చప్పుడులో చిన్నారి మాట
కనేరిలో మూడు భాషల నడుమ పసితనం.. ఇంటి తెలుగే తొలి బడి

భివండి: కనేరిలో పొద్దూ మాపూ సాంచెలు ఆడుతూనే ఉంటాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడా, పద్మానగర్, కామత్‌ఘర్‌లలోనూ స్థిరపడ్డాయి. తండ్రి పాళీకి పోతాడు. తల్లి కండెలు చుడుతుంది. ఊళ్లోనైతే నాయనమ్మ ఒళ్లో ఊసులు నేర్చే బిడ్డ ఇక్కడ ఇరుకు ఖోలీలో పెరుగుతుంది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. బడిలో వేసినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆలస్యమే.

మాట రాకుంటే..
ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో మరాఠీ, గల్లీలో హిందీ. ఇన్ని భాషలైతే మాట రాదన్న భయంతో తెలుగు మానేసి, వచ్చీరాని హిందీలో మాట్లాడే తల్లిదండ్రులున్నారు. అది అపోహే. తల్లికి బాగా వచ్చిన భాషలో కబుర్లు చెబితేనే బిడ్డకు మాటలు అబ్బుతాయి. మిగతా భాషలు వాటంతటవే వస్తాయి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాట పలకకున్నా, పిలిస్తే తిరిగి చూడకున్నా 'సాంచెల చప్పుడుకేలే' అని ఊరుకోవద్దు. చెవులు పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీల్లో పిల్లలను చూడాలి. లోపాలుంటే ఉచిత చికిత్సకు పంపాలి. ఆ రోజెప్పుడో కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి.

పాత ఠాణేలోనే బీజం
పిల్లల వాకిటికే బడి తీసుకుపోవాలన్న ఆలోచనకు ఈ నేలలోనే బలం వచ్చింది. తారాబాయి మోడక్ 1945లో బోర్డీలో గ్రామ బాల శిక్షా కేంద్రం తెరిచారు. అనుతాయి వాఘ్ తోడయ్యారు. 1957లో ఆ కేంద్రం కోస్‌బాడ్‌కు మారింది. అప్పటి ఠాణే జిల్లాలోని ఈ ఊళ్లు 2014 నుంచి పాల్ఘర్ జిల్లాలో ఉన్నాయి. బడికి రాని ఆదివాసీ పిల్లల కోసం వారి వాడల్లోనే బడి నడిపారు. చుట్టుపక్కల దొరికే వస్తువులే బోధన సామగ్రి. దేశంలో ఐసీడీఎస్ మొదలైంది ఆ తర్వాతే, 1975 అక్టోబరు 2న.

పైసా ఖర్చు లేదు
ఆ పద్ధతి కనేరికీ సరిపోతుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు తుడిచిన ఖాళీ కండెలు లెక్కపెట్టడం, రంగు దారాలు వేరు చేయడం ఆటే, చదువే. ఆడేటప్పుడు పెద్దలు పక్కనుండాలి. సాంచెల దగ్గరికి మాత్రం రానీయొద్దు. పాళీ దిగిన తండ్రి అరగంట ఫోను పక్కన పెట్టి కథ చెప్పొచ్చు. బతుకమ్మ పాటలు, పొడుపు కథలు ఉండనే ఉన్నాయి. కుల సంఘాలు తమ భవనంలో వారానికోసారి పెద్దవ్వలను, పసిపిల్లల తల్లులను ఒకచోట కూర్చోబెడితే, నాయనమ్మ లేని ఖోలీలకు పదిమంది నాయనమ్మలు దొరుకుతారు.

పండక్కి ఊరికి పోయి నెలల తరబడి ఉండేవారు టీకాల కార్డు వెంట తీసుకుపోవాలి. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ ద్వారా బిడ్డ పేరును ఒక అంగన్‌వాడీ నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు. అడిగితే టీకా తప్పదు, తిండీ ఆగదు.