పాము విషం క్యాన్సర్‌ను చంపగలదా?

అల్లూరి జిల్లా పెదబయలు కొండల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఎవరికీ కొత్త కాదు. పోడు చేనికి వెళ్లే మనిషి చూసి అడుగేయాల్సిందే. ఆ విషమే క్యాన్సర్‌కు మందవుతుందనే మాట ఇప్పుడు వినిపిస్తోంది. అందులో నిజముంది. ఎంత నిజమన్నదే చూడాలి.

విషం ఒకే పదార్థం కాదు, అనేక ప్రోటీన్ల మిశ్రమం. నాగుపాము విషంలోని సైటోటాక్సిన్లు, అంటే కణాలను చంపే ప్రోటీన్లు, కణం చుట్టూ ఉన్న పొరను ఛిద్రం చేస్తాయి. క్యాన్సర్ కణానికీ అలాంటి పొరే ఉంటుంది. 1933లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ బృందం ఈ విషాన్ని ఎలుకల్లోని క్యాన్సర్ కణితులపై పరీక్షించింది.

చిక్కేమిటంటే, విషానికి మంచి కణం, చెడ్డ కణం అన్న తేడా తెలియదు. నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే కణితి కంటే ముందు రోగికే ముప్పు.

అందుకే నానోరేణువులు. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. కొన్ని పదుల నానోమీటర్ల రేణువులో విషాన్ని దాచి పంపితే, దారిలో అది మంచి కణాలకు తగలడం తగ్గుతుంది. కణితిలోని రక్తనాళాలకు సందులెక్కువ కనుక రేణువులు అక్కడ బయటికి జారి పోగుపడతాయన్నది ఆలోచన. కలకత్తా విశ్వవిద్యాలయ పరిశోధకులు పడగపై ఒకే వలయముండే నాగుపాము విషప్రోటీనును బంగారు నానోరేణువులకు అతికించి, రక్తక్యాన్సర్ కణాలపై ప్రయోగించారు. 2009లో అమెరికాలోని సెయింట్ లూయీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తేనెటీగ విషంలోని మెలిటిన్‌ను నానోరేణువుల ద్వారానే ఎలుకల కణితులకు చేర్చింది.

అసలు కష్టం ఇక్కడే ఉంది. ఎన్నో జంతు ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన 2016 నాటి సమీక్షలో, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. మిగిలిన దానిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. ఆ రేణువుల్లో ఉన్నది విషమైతే, ఆ అవయవాల గతేమిటి? దీనికి జవాబు దొరికితేనే మనుషులపై నమ్మకంగా వాడగలం.

విషాన్ని మందుగా మార్చడం అసాధ్యమేమీ కాదు. రక్తపోటుకు వాడే కాప్టోప్రిల్‌కు బ్రెజిల్ పాము విషమే ఆధారం. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం అందించిన అమినోప్టెరిన్ అనే మందు కూడా విషతుల్యమైనదే. అయినా 1948 నాటికే అది రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం ఇచ్చింది. మోతాదు, చేరవేత కుదరాలి, అంతే. పాము విషపు నానోమందుకు ఆ రెండూ ఇంకా కుదరలేదు.

కనుక పాము విషం పేరు చెప్పి క్యాన్సర్ మందు అమ్మేవారిని నమ్మవద్దు. గడ్డ కనిపిస్తే పాడేరు ఆసుపత్రిలో చూపించుకోండి, అవసరమైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి. పాము కరిస్తే మంత్రం కోసం ఆగకుండా ఆసుపత్రికి చేరండి. గుర్రాలకు కొద్దికొద్దిగా విషమెక్కించి తయారుచేసే విరుగుడు సూది మందు అక్కడే దొరుకుతుంది.