అల్లిన చేతికి పేరు: షెట్‌లాండ్ ఊలు వారోత్సవం మనకు చెప్పేదేమిటి?

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, సముద్రం మధ్యలో షెట్‌లాండ్ దీవులు ఉన్నాయి. అన్ని దీవులూ కలిపినా జనాభా సుమారు 23,000. మన యానాం జనాభాలో సగం కూడా ఉండదు. అయినా ఏటా సెప్టెంబరు చివర్లో అక్కడికి అమెరికా, జపాన్, యూరప్ దేశాల నుంచి కూడా జనం వస్తారు. ఊలు అల్లేవాళ్లు, వడికేవాళ్లు, గొర్రెలు పెంచేవాళ్లు ఒకచోట చేరతారు. ఆ పండుగ పేరు షెట్‌లాండ్ ఊల్ వీక్. ఇది 2010లో మొదలైంది.

గోదావరి లేసు, సోలాపూర్ దుప్పటి, కంచి చీర తెలిసిన మన కుటుంబాలకు ఎక్కడో చలి దేశంలో జరిగే ఊలు పండుగతో పనేమిటని అనిపించవచ్చు. పని ఉంది. ఒకప్పుడు కూలి కూడా సరిగా దక్కని ఆడవాళ్ల ఇంటిపని, అల్లినవాళ్ల పేరుతో గుర్తింపు పొందే కళగా అక్కడ మారింది. ఆ మార్పు ఎలా వచ్చిందో తెలుసుకుంటే మన ఇళ్లలో ఉన్న విద్యను కాపాడుకునే దారి కొంత కనిపిస్తుంది.

టోపీతో మొదలయ్యే పండుగ

ఊల్ వీక్‌కు ఏటా ఒకరిని గౌరవ ప్రతినిధిగా ఎంచుకుంటారు. ఆ ఏడాది పండుగ కోసం వారి పేరుతో ఒక కొత్త టోపీ డిజైన్ వస్తుంది. పండుగకు కొన్ని నెలల ముందే దాన్ని ఉచితంగా విడుదల చేస్తారు. ఎక్కడెక్కడి వాళ్లో తమకు నచ్చిన రంగుల్లో ఆ టోపీ అల్లుకుని, దాన్నే పెట్టుకుని దీవులకు వస్తారు. లెర్విక్ పట్టణం వీధుల్లో అదే టోపీ కనిపిస్తే చాలు, భాష తెలియకపోయినా పలకరింపులు మొదలవుతాయి.

2015లో డోనా స్మిత్ రూపొందించిన టోపీ ఇందుకు మంచి ఉదాహరణ. టోపీ చుట్టూ గొర్రెలు వరుసగా నిలబడి ఉంటాయి. దాని పేరు ‘బాబుల్ హ్యాట్’. ఇంగ్లీషులో గొర్రె అరుపు ‘బా’. టోపీ మీద ఉండే ఊలు బంతి ‘బాబుల్’. రెండూ కలిపిన చమత్కారం అది. ఆ టోపీని ప్రపంచమంతటా అల్లారు. 2019లో ఆ గౌరవం ఆలివర్ హెన్రీకి దక్కింది. ఆయన దశాబ్దాలపాటు రైతులు తెచ్చిన ఊలును చేత్తో తడిమి, రకాలుగా వేరుచేసిన మనిషి. అంటే వేదిక మీద డిజైనర్‌తో పాటు ఊలు తెలిసిన కార్మికుడికీ చోటుంది.

వారం పొడవునా శిక్షణ తరగతులు, గొర్రెల క్షేత్రాల సందర్శన, మ్యూజియంలో ప్రదర్శనలు, సాయంత్రాలు అందరూ కూర్చుని అల్లుకునే కూటములు ఉంటాయి. నేర్పేవాళ్లలో చాలామంది స్థానిక మహిళలే.

డిజైన్ అంటే గళ్ల కాగితమే

ఈ టోపీల్లో కనిపించేది ఎక్కువగా ‘ఫెయిర్ ఐల్’ పద్ధతి. ఫెయిర్ ఐల్ అనేది షెట్‌లాండ్‌కు చెందిన చిన్న దీవి. దాని పేరే ఈ అల్లికకు వచ్చింది. నియమం తేలికే. ఒక వరుసలో ఎన్ని పువ్వులున్నా, ఎన్ని నక్షత్రాలున్నా, రెండు రంగులే వాడాలి. ఒక రంగు దారం ముందు పనిచేస్తుంటే రెండోది వెనకాల సాగుతూ వస్తుంది. అందువల్ల గుడ్డ రెండు పొరల మందంగా తయారై చలిని ఆపుతుంది. వరుస వరుసకూ రంగుల జత మార్చుకుంటూ పోతే మొత్తం మీద ఏడెనిమిది రంగులు కనిపిస్తాయి.

స్వెటర్‌ను గొట్టంలా గుండ్రంగా అల్లుకుపోయి, చివరికి ముందు భాగాన్ని కత్తెరతో నిలువునా కోస్తారు. చూసేవాళ్లకు గుండె ఝల్లుమంటుంది. కానీ షెట్‌లాండ్ ఊలు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి కోసినచోట కుట్లు వెంటనే జారిపోవు.

డిజైన్ రాసుకునేది గళ్ల కాగితం మీద. ఒక గడి అంటే ఒక కుట్టు. చీర అంచు మీద నెమలినో, హంసనో దింపే మన నేతగాళ్లకు ఈ గ్రాఫ్ కొత్తది కాదు. సోలాపూర్‌లో స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాల పెద్దలు దీన్ని చూడగానే చదివేయగలరు.

ఒకప్పుడు కూలి బదులు టీ పొడి

షెట్‌లాండ్ ఆడవాళ్ల గతం ఇంత అందమైనది కాదు. మగవాళ్లు చేపల వేటకు పోతే ఇల్లు, పొలం, అల్లిక అన్నీ ఆడవాళ్లవే. గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు పట్టీని నడుముకు కట్టుకుని, అందులో సూది గుచ్చి, వీపున బుట్టలో పొయ్యిలోకి పీట్ గడ్డలు మోస్తూ దారి పొడవునా అల్లేవారు. అన్‌స్ట్ దీవిలో అల్లిన సన్నని శాలువాలు పెళ్లి ఉంగరంలోంచి దూరిపోయేవి. అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి మనం చెప్పుకున్నట్టే అక్కడివాళ్లు ఆ శాలువాల గురించి చెప్పుకుంటారు.

అంత పనికీ దుకాణదారు చేతిలో డబ్బు పెట్టేవాడు కాదు. టీ పొడో, గుడ్డలో ఇచ్చేవాడు. ఇంట్లో తిండి గింజలు కావాలంటే ఆ టీ పొడిని ఇంకొకరికి ఇచ్చి మార్చుకోవాల్సి వచ్చేది. ఈ పద్ధతి మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ జరిపించి 1872లో నివేదిక ప్రచురించింది. అల్లేవాళ్లు స్వయంగా వచ్చి చెప్పిన సాక్ష్యాలు అందులో ఉన్నాయి. 1920లలో వేల్స్ యువరాజు ఎడ్వర్డ్ ఫెయిర్ ఐల్ స్వెటర్ వేసుకోవడంతో దానికి గొప్ప గిరాకీ వచ్చింది. అయితే జనం గుర్తుపెట్టుకున్నది వేసుకున్న యువరాజును. అల్లిన మనిషి ఎవరో అడిగినవాళ్లు తక్కువ.

గోదావరి తీరాన ఇదే కథ

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన దంపతులు మొదట నేర్పారని చెబుతారు. కొక్కెం సూది, తెల్లని నూలు దారం ఉంటే చాలు, ఇంటి అరుగే కార్ఖానా. ఏజెంటు దారం ఇచ్చిపోతాడు, అల్లిక పట్టుకుపోతాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే అతుకుపని చేసేది ఇంకొకరు. పూర్తయిన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ ఇంటికి చేరిందో ఇద్దరికీ తెలియదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ మహిళల మీద చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తున్నా వీళ్లను ‘ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు’గా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపించారు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. యంత్రం మీద చేసిన సరుకును నర్సాపురం పేరుతో అమ్మకుండా అడ్డుకోవడానికి అది పనికొస్తుంది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరికి దక్కిన పేరు. ఫలానా పువ్వును మొదట ఊహించి అల్లిన మహిళ పేరు అందులో కనిపించదు.

షెట్‌లాండ్‌లో కూడా చేత్తో అల్లిన స్వెటర్‌కు పట్టే గంటలన్నిటికీ తగిన ధర దొరకడం కష్టమే. అందుకే అక్కడి డిజైనర్లు రాసిన డిజైన్‌ను అమ్ముతారు, తరగతులు చెబుతారు. స్వెటర్ ఒక్కసారే అమ్ముడుపోతుంది. కాగితం మీద పెట్టిన డిజైన్‌ను ఎన్నిసార్లయినా అమ్మవచ్చు. పైగా దాని మీద పేరుంటుంది.

మన సంఘాలు చేయగలిగినవి

రాష్ట్రం దాటి తరాలుగా స్థిరపడిన మనకు ఇంకో చిక్కు ఉంది. అమ్మమ్మ తెలుగులో చెబుతుంది. మనవరాలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుతుంది. తెలుగు మాట్లాడినా చదవలేని పిల్లలు మన ఇళ్లలో తక్కువేమీ లేరు. గళ్ల కాగితానికి మాత్రం ఏ లిపీ అక్కర్లేదు. అమ్మమ్మ గీసిన గడులను మనవరాలు నేరుగా చదవగలదు. పక్కన కుట్ల పేర్లు తెలుగులోనూ, ఆ రాష్ట్ర భాష లిపిలోనూ రాస్తే మాట కూడా మిగులుతుంది.

మేము సూచించేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

మొదటిది, ఇంట్లో ఉన్న పాత అల్లికలను బయటకు తీసి ఫోటో తీయండి. చిన్న నమూనా ఒకటి అల్లించి అట్టకు కుట్టండి. అల్లినవారి పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఏ దారం, ఎన్నో నంబరు సూది అన్నవి కింద రాయండి.

రెండోది, డిజైన్‌ను సొంతంగా గీసి రాసినవాళ్లు పేరు, తేదీ తప్పకుండా వేసుకోండి. ఒక కుట్టు మీద ఎవరికీ హక్కు ఉండదు. కానీ మీరు రాసిన వివరణ, గీసిన బొమ్మ మీ రచనే. మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు కోసం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

మూడోది, కలుసుకోండి. ఉగాదికో, సంక్రాంతికో తెలుగు సంఘం భవనంలో ఎలాగూ చేరతాం. ఈసారి రెండు నెలల ముందే మన ఊరి పెద్దావిడ ఒకరి డిజైన్‌ను, ఆమె పేరుతోనే, అందరికీ పంచండి. చేతిసంచి అంచైనా, తోరణమైనా సరే. ఎవరికి వచ్చినట్టు వాళ్లు అల్లుకుని పండుగ నాటికి తీసుకురండి. ఆవిడను ముందు వరుసలో కూర్చోబెట్టండి. పిల్లలు కుట్టు దగ్గర తడబడితే ఆవిడనే అడగమనండి.

షెట్‌లాండ్‌లో జరిగిందీ ఇంతే. ఒక టోపీ, దాని మీద ఒక పేరు, దాన్ని చూసి పలకరించుకునే మనుషులు. మన ఊళ్లలో ఆ పెద్దావిడలు ఇంకా ఉన్నారు. వాళ్ల చేతులు ఆడుతుండగానే కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కన కూర్చోవాలి.