‘ఒప్పుకుంటే పోతుంది’ అన్న కేసు పోలేదు

(మా గ్రామీణ విలేఖరి)

పండగ రోజుల్లో తోటలో పేకాడుతూ నలుగురు కుర్రాళ్లు పట్టుబడతారు. కొన్నాళ్లకు సమను వస్తుంది. కోర్టు వసారాలో నిలబడ్డ వాళ్ల దగ్గరికి తెలిసిన పెద్దమనిషి ఒకాయన వచ్చి, “ఎందుకొచ్చిన వాయిదాలురా? ఒప్పుకోండి, జరిమానా కట్టండి, పీడ విరగడవుతుంది” అంటాడు. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. వాయిదా అంటే ఒక రోజు కూలి పోవడం, బస్సు చార్జీలు, ప్లీడరు ఫీజు. పేరు పిలవగానే “తప్పయిందండి” అంటారు. జరిమానా కట్టి, హోటల్లో టీ తాగి ఊరు చేరతారు.

రెండు మూడేళ్లకు ఆ నలుగురిలో ఒకడు కానిస్టేబులు ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చుకుంటాడు. ‘మీకు ఏ కేసులోనైనా శిక్ష పడిందా?’ అని అందులో ఒక గడి ఉంటుంది. జరిమానా కూడా శిక్షేనని వాడికి తెలిసేది అప్పుడే. ఇది ఏ ఒక్క ఊరి కథో కాదు. కోర్టు ఆవరణలో గంట సేపు కూర్చుంటే ఎవరికైనా వినపడే మాటే.

తిరకాసు ఎక్కడున్నదంటే, రాజీకీ ఒప్పుకోలుకూ తేడా చాలామందికి తెలియదు. గట్టు తగాదాలో చెయ్యి చేసుకున్న కేసు ఉన్నదనుకోండి. స్వల్ప గాయమైతే దెబ్బ తిన్నవాడితో రాజీ పడవచ్చు. చట్టం ప్రకారం ఆ రాజీ నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. అదే కేసులో “కొట్టాను” అని ఒప్పుకుంటే నేరం రుజువై శిక్ష పడ్డట్టు. పేకాట కేసులో ఫిర్యాదుదారు సర్కారే కనుక రాజీకి ఎవరూ ఉండరు. లోక్ అదాలత్ రోజున రాజీ కేసులూ, ఒప్పుకునే చిన్న కేసులూ ఒకే ఆవరణలో తేలిపోతుంటాయి గనుక జనానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. సంతకం పెట్టే ముందు “ఇది రాజీయా, ఒప్పుకోలా?” అని ఆ ఒక్క మాట అడిగితే ఎంతో మేలు.

సరే, ఒప్పుకోవడం అయిపోయింది. ఇప్పుడు దారి ఏమిటి?

అప్పీలు దారి చాలా ఇరుకు. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నవాడు ‘నేను నేరం చేయలేదు’ అని అప్పీలు చేయడానికి వీల్లేదు. శిక్ష ఎక్కువైందనో, అది చట్ట ప్రకారం లేదనో మాత్రమే చేయవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 416వ సెక్షను. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 375. సెషన్సు కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు.

రెండో దారి రివిజను. సెషన్సు కోర్టుకైనా వెళ్లవచ్చు, హైకోర్టుకైనా వెళ్లవచ్చు. కానీ ఒకచోటికి వెళ్లినవాడు మళ్లీ రెండోచోట వేయడానికి లేదు. గడువు 90 రోజులు. ఆలస్యమైతే తగిన కారణం చూపి మన్నించమని కోరవచ్చు. మనసు మారిందంటే రివిజనులో చెల్లదు. ఒప్పుకోలు తీసుకున్న తీరులో లోపం ఉండాలి. ఆరోపణ ఏమిటో ముద్దాయికి అర్థమయ్యేలా చెప్పారా? అతను అన్న మాటలు వీలైనంత వరకు అతని మాటల్లోనే రాసుకున్నారా? సమను కేసుల్లో ఇలా రాసుకోవడం తప్పనిసరి అనీ, అలా చేయకపోతే శిక్ష నిలవదనీ మహంత్ కౌశల్య దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు 1966 నాటి లా రిపోర్టులలో ఉన్నది.

ఆశ చూపించి ఒప్పించిన సంగతి వేరు. మన పొరుగు రాష్ట్రం కర్ణాటకకు చెందిన తిప్పస్వామి కేసు చూడండి. తేలికగా వదిలేస్తారన్న భరోసాతో ఒప్పుకున్నవాడికి మేజిస్ట్రేటు జరిమానా వేస్తే, పైకోర్టు దాన్ని జైలు శిక్షగా పెంచింది. అది రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు శిక్షను కొట్టివేసి, కేసును మళ్లీ విచారణకు పంపింది. 1983 రిపోర్టులలో ఇది అచ్చయింది. ‘మళ్లీ విచారణకు’ అన్న మాట గమనించాలి. రివిజను గెలిస్తే చాలాసార్లు దక్కేది విడుదల కాదు, మళ్లీ వాయిదాలే. సాక్ష్యం బలంగా ఉన్న కేసులో ఇది ఆలోచించుకోవలసిన సంగతి.

2006 జూలై 5 నుంచి ‘ప్లీ బార్గెయినింగ్’ అనే పద్ధతి కూడా చట్టంలో ఉన్నది. ఏడేళ్లకు మించి శిక్ష లేని కేసుల్లో రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, ఫిర్యాదుదారుతో మాట్లాడుకుని తక్కువ శిక్షకు ఒప్పుకోవడం. స్త్రీలపై, పిల్లలపై నేరాలకు ఇది వర్తించదు. ఇందులో జడ్జి ముద్దాయిని ఒంటరిగా పిలిచి ‘ఇష్టపడే పెట్టావా?’ అని అడుగుతారు. వెనక్కు తగ్గేవాడు తగ్గవలసింది అక్కడే. తీర్పు వచ్చాక అప్పీలు లేదు. హైకోర్టులో రిట్టు, సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషను మాత్రమే మిగులుతాయి.

చాలామంది అడగని మేలు మరొకటి ఉన్నది. 1958 నాటి ప్రొబేషను చట్టం కింద చిన్న నేరాలకు మందలించిగానీ, మంచి నడవడికకు పూచీకత్తు తీసుకునిగానీ వదలవచ్చు. అలా వదిలితే ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షను చెబుతున్నది. అయితే నేరం రుజువైందన్న మాట మాత్రం చెరిగిపోదు. అప్పీలులో కూడా దీన్ని కోరవచ్చు.

ఇక ఆ దరఖాస్తు గడి సంగతి. దాచవద్దు. పోలీసు విచారణలో ఎలాగూ బయటపడుతుంది, అప్పుడు కేసు కన్నా దాచినదే పెద్ద తప్పవుతుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, శిక్ష పడిన కేసు చాలా చిన్నదైతే యాజమాన్యం చూసీచూడనట్టు పోవచ్చునన్నది. ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం అనలేదు.

ఏ దారి పట్టినా ముందు కావలసింది తీర్పు నకలు, ఒప్పుకోలు రాసిన కాగితం నకలు. శిక్ష వేసిన కోర్టులోనే కాపీ దరఖాస్తు పెట్టాలి. నకలు తయారు కావడానికి పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు. ప్లీడరును పెట్టుకోలేనివారు కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అడగవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. ఫోను నంబరు 15100.